మడమ ఎముక విరిగితే ఏ వైద్యం?



తాటిచెట్టు మీదనుంచో, గడ్డివామి మీదనుంచో, ఇంటి కప్పు మీదనుంచో జారిన మనిషి నిలువుగా కాళ్లమీద పడ్డాడనుకోండి. "తలకు తగల్లేదు, గండం గడిచింది" అని ఇంటిల్లిపాదీ తెప్పరిల్లుతారు. నిజమే, ప్రాణం దక్కింది. కాని పడిన వేగంతో సహా ఒంటి బరువంతా మడమ మీదనే దిగుతుంది. మడమ ఎముక విరిగేది సాధారణంగా ఇలాగే. గీత కార్మికులకూ, కొబ్బరి దింపేవారికీ, బావి పనివారికీ ఇది కొత్త కష్టం కాదు. దీనికి ఎన్ని రకాల వైద్యం ఉన్నదో, ఏది ఎవరికి తగునో తెలిసివుంటే ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగినప్పుడు తడబడకుండా జవాబు చెప్పగలుగుతారు.

ముందు ఎముక సంగతి చూద్దాం. పాదంలో అన్నిటికన్నా పెద్ద ఎముక ఇదే. పైన పలచని పెంకు, లోపల తేనెపట్టు వంటి మెత్తని ఎముక. దానిమీద మరొక ఎముక కూర్చుని ఉంటుంది. మనిషి పడగానే ఆ పై ఎముక, మొద్దులో గొడ్డలి దిగినట్లు, మడమలోకి దిగుతుంది. దానితో మూడు నష్టాలు. మడమ ఎత్తు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది, రెండు ఎముకల మధ్య కీలు పగులుతుంది. పాదాన్ని కుడికీ ఎడమకూ ఒరగనిచ్చేది ఆ కీలే. సిమెంటు నేలమీద దాని విలువ అంతగా తెలియదు. దుక్కిలోను, పొలం గట్టుమీద, రాళ్లదారిలోను నడిచేవానికి తెలుస్తుంది. అందుకే రైతుకు ఈ దెబ్బ చిన్నది కాదు.

పడిన మనిషిని ఒక్కసారిగా లేవదీయకండి. మడమ విరిగినవారిలో నూటికి సుమారు పదిమందికి నడుము వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది. నడుము నొప్పి ఉందా, రెండో మడమ బాగుందా అని అడగండి. పాదాన్ని లాగడం, నూనె రాసి మర్దించడం, బిగించి కట్టుకట్టడం కూడదు. 108కి ఫోను చేయండి. కాలు కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచండి. మరొక మాట. విరిగిన ముక్క మడమ వెనుక చర్మాన్ని లోపలినుంచి పొడుచుకొస్తుంటే, చర్మం తెల్లబడుతుంటే, అది గంటల్లో చూడవలసిన అత్యవసరం. ఆలస్యమైతే చర్మం చచ్చిపోతుంది. ఎముక బయటికి వచ్చినా, నొప్పి క్షణక్షణానికీ పెరిగి పాదం రాయిలా బిగుసుకున్నా అంతే.

ఆస్పత్రిలో ఎక్సురే తీస్తారు. మడమ ఎంత కుంగిందో కొలవడానికి వియన్నా డాక్టరు లోరెంజ్ బోలర్ 1931లో ఒక కోణం చెప్పాడు. మామూలు మడమలో అది 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. తగ్గినకొద్దీ మడమ కుంగిందన్నమాట. కీలు ఎన్ని ముక్కలైందో తెలియాలంటే సీటీ స్కానింగు కావాలి.

ఇక వైద్యాలు నాలుగు.

మొదటిది, కోత లేని వైద్యం. కాలు ఎత్తుగా ఉంచి, వాపు తగ్గించి, వారాల తరబడి ఆ కాలిమీద బరువు మోపకుండా ఉండటం. ఎముక కదలకుండా, కీలు చెదరకుండా విరిగినవారికి ఇదే చాలు.

రెండవది, పెద్ద కోత. మడమ బయటివైపు లంబకోణంగా కోసి, చర్మాన్ని పుస్తకం అట్టలా ఎత్తి, ముక్కలన్నీ కళ్లారా చూసి, ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. కీలును చక్కగా అమర్చవచ్చు. చిక్కంతా చర్మంతోనే. అక్కడ కండ తక్కువ, చర్మం పలచన. కాలువ చివరి మడి మూలకు నీరు అందనట్లు, కోత మలుపు దగ్గరి చర్మానికి రక్తం సరిగా అందదు. ఆ మూల నల్లబడి పుండు పడవచ్చు, చీము ఎముకదాకా పోవచ్చు. కొన్ని ఆస్పత్రుల లెక్కల్లో నలుగురిలో ఒకరికి గాయం ఏదో విధంగా ఇబ్బంది పెట్టింది. అందుకే వాపు తీసి చర్మంమీద ముడతలు కనబడేదాకా, అంటే సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, ఆగుతారు. "చేర్చుకొని ఊరికే పడుకోబెట్టారు" అని కోపగించకండి. ఆ ఆగడం కూడా వైద్యమే.

మూడవది, చిన్న కోత. బయటి చీలమండ గుబ్బకు కాస్త దిగువన రెండు మూడు అంగుళాలకు మించకుండా కోసి, ఆ సందులోంచి కీలును సరిచేస్తారు. గాయం బాధలు పెద్ద కోతకన్నా తక్కువ. అయితే కనబడేది కొంతే గనుక చేయి తిరిగిన డాక్టరు కావాలి. దీనిని రెండు వారాల లోపల చేయడం మేలు. అటుపైన ముక్కలు అతుక్కోసాగి, చిన్న సందులోంచి కదపడం కష్టమవుతుంది.

నాలుగవది, సూదిపోటు వంటి రంధ్రాలనుంచి కడ్డీలూ, స్క్రూలూ దించడం. మడమ వెనుక భాగం నాలుకలా ఒకే పెద్ద ముక్కగా లేచినప్పుడు ఇది బాగా పనికివస్తుంది. ఈ నాలుక విరుపును వేరుచేసి చెప్పినవాడు ఇంగ్లండు డాక్టరు ఎసెక్స్ లోప్రెస్టి, ఆయన వ్యాసం 1952లో వెలువడింది. కీలు ముక్కముక్కలైనచోట మాత్రం ఈ పద్ధతితో పూర్తిగా సరిచేయడం కష్టం.

"ఆపరేషను చేస్తే కాలు మునుపటిలా అవుతుంది గదా" అంటారేమో. అంత తేలికగా చెప్పలేం. కెనడాలో 424 మందిని పరీక్షించి 2002లో ఫలితం ప్రకటించారు. మొత్తంమీద ఆపరేషను చేసినవారికీ, చేయనివారికీ పెద్ద తేడా లేదు. స్త్రీలకూ, వయసులో చిన్నవారికీ, తేలిక పని చేసేవారికీ మాత్రం ఆపరేషను మేలు చేసింది. బరువు పనివారిలో ఆ మేలు అంతగా కనబడలేదు. బ్రిటనులో 22 ఆస్పత్రులలో 151 మందితో చేసి 2014లో ప్రకటించిన పరీక్షలోను రెండేళ్లకు తేడా లేదు. చిక్కులు మాత్రం కోసినవారికే ఎక్కువ. ఇందులో బొత్తిగా ఆకారం చెడిన మడమలను చేర్చలేదు, కోతలన్నీ పెద్ద కోతలే. కనుక ఆపరేషను దండుగ అని దీనికి అర్థం కాదు. ఎవరికి చేయాలో ఏరుకొని చేయాలని అర్థం. మడమ బాగా కుంగి, వెడల్పై, పక్క నరాలను ఒత్తుతుంటే సరిచేయడమే మంచిది. లేకుంటే చెప్పు పట్టదు, నడక వంకర తిరుగుతుంది.

బీడీ, చుట్ట, చక్కెర జబ్బు ఈ గాయానికి శత్రువులు. ఉన్న సంగతి దాచవద్దు. బీడీ ఆనాడే మానాలి. చక్కెర అదుపులో లేకుంటే, కాళ్లకు రక్తం సరిగా రాకుంటే, కోత లేని దారో చిన్న కోతో మేలని డాక్టరు చెప్పవచ్చు.

డాక్టరుగారిని ఈ నాలుగూ అడగండి. కీలు చెదిరిందా? మడమ ఎంత కుంగింది? నా చర్మం ఏ కోతకు తట్టుకుంటుంది? తమరు ఈ ఆపరేషను తరచు చేస్తుంటారా? అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఏ వైద్యం చేసినా ఆరు నుంచి పన్నెండు వారాలదాకా ఆ కాలు నేలకు మోపకూడదు. వేళ్లూ, చీలమండా మాత్రం చెప్పినప్పటినుంచి ఆడిస్తూ ఉండాలి. బాగుపడడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. కొందరికి తరువాత కీలు అరిగి నొప్పి మిగులుతుంది, అప్పుడు ఆ రెండు ఎముకలను కలిపి అతికించే ఆపరేషను ఉన్నది. కనుక ఆ కారు పంటకు మరో చేతిని మాట్లాడుకోండి. నొప్పి తగ్గిందని నెలకే మడక పట్టినవాని ఎముక మళ్లీ కుంగవచ్చు.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. గడ్డివాములకు గట్టి నిచ్చెన, బావులకు గోడ, చెట్టెక్కేవారికి రక్షణ తాడు ఉన్నాయేమో ఊళ్లో తిరిగినప్పుడు చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో పరికరాలు పంచసాగింది. మోకుకు తోడు అటువంటి రక్షణ ఉంటే కాలు జారినా మనిషి నేలదాకా రాడు. మడమకు అంతకన్నా మంచి వైద్యం లేదు.