చాయ్ బల్ల - పని బల్ల

స్వీడన్ దేశస్థులు కాఫీ వేళను 'ఫికా' అంటారు. పని కాసేపు ఆపి తోటివారితో కూర్చోవటమే దాని పరమార్థం. 1756లో కాఫీనే నిషేధించిన దేశమది! నేడు ఆ దేశ రాజధాని స్టాక్‌హోమ్ కాఫీశాలల్లో ల్యాప్‌టాప్ తెరచి, దూరాన ఉన్న కార్యాలయానికి పనిచేసేవారు కనిపిస్తారు. విశ్రాంతి బల్లే పని బల్ల అయినది. ఇది మరీ వింత కాదు. 17వ శతాబ్దం చివరనే లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీశాలలో వర్తకులు ఓడల బీమా వ్యవహారాలు నడిపేవారు.

మన శ్రీరాంపూర్‌లో చాయ్ హోటల్ బల్ల షిఫ్టు దిగిన గని కార్మికునిది. బొగ్గు తీయటానికి మనిషి గని వద్దకు పోక తప్పదు. కంప్యూటర్ పనికి ఆ నిర్బంధం లేదు. 2020 లాక్‌డౌన్‌లో నగరాల నుండి ఇళ్ళకు చేరిన యువకులెందరో ఊళ్ళ నుండే ఉద్యోగాలు చేశారు. అందుకు కావలసినవి ఆగని విద్యుత్తు, నిలకడైన ఇంటర్నెట్, సద్దు లేని చోటు. విద్యుత్తు మాటకేమి, చెంతనే జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రమున్నది. చోటే కరువు.

కాలభేదమూ గమనించాలి. శీతాకాలంలో స్టాక్‌హోమ్‌లో ఉదయం 9 గంటలంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర; అక్కడ సాయంత్రం 5 అయ్యేసరికి మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళ చాయ్ హోటల్‌లో మన అక్కచెల్లెళ్ళు గంటల తరబడి కూర్చుని పని చేసుకోగలరా? మగపిల్లలకు తట్టని ప్రశ్న ఇది. కనుక కళాశాల గ్రంథాలయంలో ఒక గదిని, నాలుగు ప్లగ్గులతో, రాత్రి పది వరకు తెరచి ఉంచవలసినదిగా కార్యవర్గం వారికి మా మనవి. చాయ్ మేమే తెచ్చుకుంటాము.