రోజుకొక రూపాయి

పిల్లలూ! నెలకొకసారి మీ అమ్మగాని, అమ్మమ్మగాని ఒక పుస్తకం చేతబట్టుకుని, వీధిలోని మరికొందరు ఆడవారితో కలిసి ఒకచోట కూర్చోవటం మీరు చూసే వుంటారు. "ఎక్కడికమ్మా?" అని అడిగితే, "గ్రూపు మీటింగుకురా!" అంటుంది. ఆ గ్రూపు ఎలా పుట్టిందో ఎప్పుడైనా అడిగారా? ఆ కథలో ముఖ్యమైన భాగం మా దుత్తలూరుకు పొరుగు ప్రాంతంలోనే జరిగింది.

నెల్లూరు జిల్లాకు పడమటి వైపున వున్న ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, దుత్తలూరు - ఇదంతా మెట్ట ప్రాంతం. వాన కురిస్తే పంట, కురవకపోతే కూలిపని. ఆ రోజుల్లో సాయంకాలం కూలిడబ్బు చేతికి రాగానే చాలామంది మగవారి కాళ్ళు సారా దుకాణంకేసి నడిచేవి. డబ్బంతా అక్కడే కరిగిపోతే, ఇంట్లో ఎసట్లోకి బియ్యం ఎక్కడినుంచి వస్తాయి? పిల్లవాడికి పలక ఎక్కడినుంచి వస్తుంది? నేనప్పుడు వయసులో వున్న ఉపాధ్యాయుణ్ణి. ఆకలితో బల్లమీద తల వాల్చిన పిల్లవాడికి ఎక్కాలు చెప్పటం ఎంత కష్టమో నాకు తెలుసు.

1991లో నెల్లూరు జిల్లాలో "అక్షర దీపం" అనే పేరుతో పెద్దలకు చదువు చెప్పే కార్యక్రమం సాగుతూ వుండేది. చదువుకున్న యువతీ యువకులు జీతం ఆశించకుండా రాత్రివేళ దీపం పెట్టి అక్షరాలు నేర్పేవారు. పగలంతా పొలంలో పనిచేసిన తల్లులు వచ్చి కూర్చునేవారు. వారి వాచకంలో "సీతమ్మ కథ" అనే పాఠం వుంది. సారా వల్ల కుటుంబాలు ఎలా పాడవుతాయో, ఆడవారు ఏం చేయగలరో అందులో చెప్పారు.

కలిగిరి మండలంలోని దూబగుంట తల్లులు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు. "ఇది మన కథేగదా!" అనుకున్నారు. అందరూ ఒక్కటై తమ ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. వారిలో ముందు నిలిచిన రోసమ్మగారి పేరు తరువాత రాష్ట్రమంతా వినబడింది. దూబగుంట విజయం మరొక వాచకంలో పాఠంగా కూడా వచ్చింది. దాన్ని చదివిన వేరే ఊళ్ళ తల్లులు, "వాళ్ళు చేయగాలేనిది మనం చేయలేమా?" అని లేచారు. 1992లో సారా వేలంపాటలు జరగకుండా వేలాది స్త్రీలు అడ్డు నిలిచారు. 1993 ఏప్రిల్‌లో ముందుగా నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

"కథ అయిపోయిందా, మాస్టారూ?" అంటారా? లేదు. దుకాణం మూతపడితే డబ్బు మిగులుతుంది. కాని మిగిలిన డబ్బు నిలవాలంటే ఎలా? అందుకు పుట్టినవే "పొదుపు లక్ష్మి" సంఘాలు. ఒక్కొక్కరు రోజుకొక రూపాయి దాచాలి. అంతే!

రూపాయి అంటే చులకన చేయకండి. పలక తీసుకుని లెక్క వేయండి. రోజుకు 1 రూపాయి అయితే నెలకు 30 రూపాయలు. సంఘంలో 15 మంది వుంటే నెలకు 450. సంవత్సరానికి 5,400 రూపాయలు! ఒక్కరి దగ్గర 30 రూపాయలు వుంటే మేకపిల్ల రాదు. 15 మంది సొమ్ము కలిస్తే వారిలో ఒకరికి మేకపిల్లేమిటి, పాడిపశువుకే దారి దొరుకుతుంది. ఆమె బాకీ తీర్చగానే రెండో ఆమె వంతు. పైగా, వడ్డీ వ్యాపారికి కట్టే వడ్డీ అతని పెట్టెలోకి పోతుంది. సంఘానికి కట్టే వడ్డీ మళ్ళీ తమ సంఘానికే వస్తుంది.

ఇలా డబ్బును చక్కగా తిప్పే సంఘాలకు తోడుగా బ్యాంకులు కూడా ముందుకు వచ్చాయి. 1992లో నాబార్డు సంస్థ దేశం మొత్తం మీద 500 సంఘాలతో ఆ పని ఆరంభించింది. మన రాష్ట్రంలో ఇప్పుడు సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్యగా, గ్రామ సమాఖ్యలు కలిసి మండల సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ఇలాంటి పని మన దేశంలోనే కాదు, ఇతర దేశాల్లో కూడా పేదవారే చేసి చూపారు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో 28 మంది నేతపనివారు, ఇతర కార్మికులు కలిసి, తలా ఒక పౌను చొప్పున కూడబెట్టి, 1844 డిసెంబరు 21న ఒక చిన్న దుకాణం తెరిచారు. అందులో వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తులు తప్ప పెద్దగా ఏమీ లేవు. కాని కల్తీలేని సరుకు, సరి అయిన తూకం, మనిషికొక ఓటు అనే నియమాలు వారివి. ప్రపంచమంతటా సహకార సంఘాలు నేటికీ వారిని తలుచుకుంటాయి.

ఒక నిజం దాచకుండా చెబుతాను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. చట్టాలు వస్తాయి, మారుతాయి. కాని తల్లులు కట్టుకున్న సంఘాలు మిగిలాయి. అవి ఎందుకు మిగిలాయో తెలుసా? మీ అమ్మ చేతిలోని పుస్తకం వల్ల! ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు అన్నది అందులో రాసి, అందరి ఎదుట చదువుతారు. లెక్క దాచిన సంఘం ఎంత పెద్దదైనా కూలిపోతుంది. అందుకే అక్షరం ముందు వచ్చింది, రూపాయి తరువాత వచ్చింది.

మీరూ ఒక సంఘం పెట్టి చూడండి. పదిమంది స్నేహితులు తలా ఒక కథల పుస్తకం తెచ్చి, ఒక పెట్టెలో పెట్టండి. ఎవరు ఏది తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాయండి. ఒక్క పుస్తకం ఇచ్చినవాడు పది పుస్తకాలు చదువుతాడు! ఈ రాత్రి అమ్మను అడిగి, ఆమె గ్రూపు పుస్తకం చూడండి. లెక్క ఎలా రాయాలో మీకే తెలుస్తుంది.