ఓడను కోసి పొడుగు చేయుట

గృహస్థునకు సంసారము పెరిగినపుడు ఇంటికి ఒక గది చేర్చుకొనుట లోకమున సామాన్యము. పెరటివైపున రెండు గోడలు లేపి, పైన దూలములు వైచినచో పని ముగియును. సముద్రముపై సంచరించు ఓడకు గదులు చాలకపోయినచో ఏమి చేయవలెను? ముందువైపున చేర్చుటకు వీలులేదు. నీటిని చీల్చుకొని పోవుటకై ఆ భాగము మొనదేరి యుండును. వెనుకవైపున చేర్చుటకును వీలులేదు. అచ్చట నీటిని త్రోయు మరలును, చుక్కానియు నుండును. పైన అంతస్తులు లేపినచో బరువంతయు పైకి చేరి ఓడ ఒరుగును. ప్రక్కలకు పెంచినచో ఓడ ఆకారమే మారిపోవును. ఇక మిగిలినది నడుము. ఓడను నడుమ రెండుగా కోసి, ముందుభాగమును దూరముగా జరిపి, ఆ యెడమున క్రొత్త ఖండము నొకదాని నిలిపి, మూటిని ఒక్కటిగా అతుకుదురు. వినుటకు కట్టుకథవలె నుండు ఈ పని నేడు పశ్చిమ దేశముల ఓడరేవులలో పలుమారు జరిగియున్నది. అది యెట్లు జరుగునో, అందు పొంచియున్న ప్రమాద మేమో, దానిని నిపుణు లెట్లు వారింతురో శ్రోతలకు విన్నవించెదను.

మన వ్యాకరణమున ఆగమ మనియు, ఆదేశ మనియు రెండు కార్యములు కలవు. ఒక వర్ణమును తొలగించి దాని చోట మరియొకటి వచ్చి కూర్చుండుట ఆదేశము. ఉన్నదానిని చెరుపక రెండింటి నడుమ నొకటి వచ్చి చేరుట ఆగమము. అందుచేతనే పెద్దలు ఆదేశమును శత్రువుతోను, ఆగమమును మిత్రునితోను పోల్చుదురు. ఓడ నడుమ చేరు క్రొత్త ఖండము ఇట్టి ఆగమము. అయితే మిత్రుడు వచ్చినను ఇంటివారికి బాధ్యత తప్పదుగదా. ఆ బాధ్యత యెంతటిదో క్రమముగా తెలియగలదు.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. కొయ్యఓడల కాలముననే దీనిని ప్రయోగించిరి. ఇంగ్లీషు నౌకాదళమునకై వేల్సులోని పెంబ్రోక్ రేవున మూడు అంతస్తుల యుద్ధనౌక యొకటి తయారగుచుండెను. దానిపేరు విండ్సర్ కాసిల్. అది తెరచాపల నౌకగా మొదలైనది. ఇంతలో ఆవిరియంత్రములు వచ్చినవి. యంత్రమునకు చోటు కావలసివచ్చి, 1852 జనవరిలో ఆ నౌకను కట్టుచున్న చోటనే రెండు తావుల కోసి, మొత్తముమీద 30 అడుగులు పొడిగించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 14వ తేదీన అది నీట దిగినది. సరిగా ఆనాడే వెల్లింగ్టన్ ప్రభువు మరణించెను. అందువలన ఆయన స్మారకముగా నౌకకు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అని పేరు మార్చిరి.

ప్రయాణికులను వినోదార్థము సముద్రములపై త్రిప్పు విహారనౌకలలో ఈ పద్ధతికి దారితీసినది సాంగ్ ఆఫ్ నార్వే. ఫిన్లండు రాజధాని యగు హెల్సింకిలో 1970లో నిర్మితమైన ఆ నౌకను 1978లో మరల అచ్చటికే కొనిపోయి, నడుమ కోసి, 26 మీటర్ల ఖండమును చేర్చిరి. తరువాత పెక్కు నౌక లీ దారినే నడచినవి. వానిలో ప్రసిద్ధమైనది ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ది సీస్. 1997లో నిర్మితమైన ఈ నౌకను 2005లో హాలండు దేశమందలి రోటర్‌డామ్ రేవునకు చేర్చిరి. 22 మీటర్ల క్రొత్త ఖండమును ఫిన్లండులో ముందుగనే నిర్మించి, సముద్రముమీదుగా తెచ్చి అతికిరి. దానితో నౌక పొడవు సుమారు 280 మీటర్లనుండి 301 మీటర్లకు పెరిగెను; 151 గదులు అదనముగా లభించెను. 2014, 2015 సంవత్సరములలో ఇటలీలోని పలెర్మో రేవున ఎం.ఎస్.సి. సంస్థవారి నాలుగు నౌకలను ఒకదాని వెనుక నొకటిగా కోసి, ఒక్కొక్కదానికి 24 మీటర్లు చేర్చిరి. వానిలో మొదటిది ఆర్మోనియా. నాల్గింటికిని కలిపి వ్యయము 20 కోట్ల యూరోలు. అంత ధనముతో పెద్ద విహారనౌక నొక్కదానినైనను క్రొత్తగా కట్టుట కష్టము. పైగా క్రొత్తనౌకకు సంవత్సరములు పట్టును. ఈ పనికి నెలలు చాలును. యజమానులకు దీనియం దంతటి మక్కువ కలుగుటకు ఇదియే హేతువు.

నడుమనే ఏల కోయవలె నను ప్రశ్నకు ఇంకొక సమాధానము కూడ కలదు. పెద్ద ఓడను అడ్డముగా కోసిచూచినచో, నడిమిభాగమున చాలదూరము ఒక్కటే ఆకారము కనబడును. వెదురుబొంగును మధ్య ఎచ్చట కోసినను ఒక్క తీరుననే యుండునట్లు, అచ్చట వెడల్పు మారదు, లోతు మారదు. కనుక అదే కొలతలతో చేసిన ఖండము అచ్చట చక్కగా ఇముడును. అంతేకాదు. క్రొత్త ఖండము తన బరువును తానే తేల్చుకొనును. ఎంత బరువు చేరుచున్నదో, ఆ ఖండపు అడుగుభాగము సుమారు అంత బరువు గల నీటిని తొలగించును. పైన అంతస్తు చేర్చినచో ఈ సౌకర్యము లేదు.

పొడవైన ఓడ మందగించునేమో యను శంక కలుగవచ్చును. ఇచ్చట ప్రకృతి మనకు అనుకూలముగనే యున్నది. ఓడ పోవునపుడు నీటిలో అలలను లేపును. వేగము హెచ్చినకొలది ఆ అల పొడవగును. అల పొడవు ఓడ పొడవును సమీపించినపుడు, ఓడ తాను లేపిన అలగట్టునే తా నెక్కజూచు విధమున అధికశక్తిని వ్యయింపవలసివచ్చును. ఓడ పొడవైనచో ఆ యవస్థ మరికొంత వేగమునకు గాని రాదు. ఈ వేగము పొడవుయొక్క వర్గమూలము ననుసరించి పెరుగును. పొడవు నూటికి ఎనిమిదివంతులు పెరిగినచో ఈ హద్దు నూటికి సుమారు నాలుగువంతులు పైకి జరుగును. ఇంగ్లండులోని టార్కీ పట్టణమున 1872లో విలియం ఫ్రౌడ్ అను శాస్త్రజ్ఞుడు పొడవైన నీటితొట్టి కట్టించి, చిన్న నమూనా ఓడలను అందు లాగించి, ఈ విషయములను పరిశోధించెను. నీటి ఒరపిడి మాత్రము, తడియు భాగము పెరుగుటచే, కొంత హెచ్చును. మొత్తముమీద పాత యంత్రములతోనే పొడవైన ఓడ స్వల్పమైన వేగనష్టముతో నడువగలదు.

ఇంతవరకు లాభములు చెప్పితిని. ఇక అసలు ప్రమాదమును చెప్పవలెను.

కావడి మోయువానిని చూడుడు. బద్ద నడిమిభాగము భుజముమీద నుండును. రెండుకొనలను బిందెలు వ్రేలాడును. బద్ద కొనలు క్రిందికి వంగి, పైభాగము సాగుచుండును. పల్లకిని చూడుడు. బొంగు రెండుకొనలు బోయీల భుజములమీద నుండును. బరువు నడుమ నుండును. అచ్చట బొంగు నడుము క్రిందికి వంగి, అడుగుభాగము సాగుచుండును. ఓడకు ఈ రెండవస్థలును వచ్చును. అలశిఖరము ఓడ నడుమ క్రిందికి వచ్చినపుడు ఓడ కావడి యగును. రెండు శిఖరములు రెండుకొనలకు వచ్చినపుడు ఓడ పల్లకి యగును. అల అలకును ఓడ ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగవలసినదే. ఈ వంపు మిక్కిలి తీవ్రముగా నుండునది నడుముననే. మనము కోసి అతికినదియు నడుముననే. ఈ పనిలోని కష్టమంతయు ఇందే యున్నది.

పైగా ఈ వంపుబలము పొడవుతో సమానముగా పెరుగదు. అంతకు మించి పెరుగును. సముద్రపు అలలవలన కలుగు వంపుబలము సుమారుగా పొడవుయొక్క వర్గము ననుసరించును. పొడవు పదవవంతు పెంచినచో, వంపుబలము అయిదవవంతునకు పైగా పెరుగును. అనగా పదిమంది కూర్చుండుచోట పదునొకండుగురను కూర్చుండబెట్టినచో, దూలముపై భారము పండ్రెండుగురికి మించిన ట్లగును. కనుక క్రొత్త ఖండమును మాత్రము బలముగా చేసినచో చాలదు. పాతఓడయొక్క పైఅంతస్తులకును, అడుగునకును, లెక్కలు చూపిన తావులందెల్ల ఉక్కుపలకలను అదనముగా అతికి దిట్టపరుపవలెను. పైభాగమును, అడుగుభాగమునే ఏల యందురా? వంగుచున్న దూలమున ఎక్కువ సాగుడు, ఎక్కువ నొక్కుడు కలుగునది ఆ రెండంచులకే. నడిమి పొరకు శ్రమ తక్కువ. ఇనుపదూలములను పైన క్రింద వెడల్పుగాను, నడుమ సన్నముగాను చేయుటకు కారణ మిదియే.

ఇప్పుడు పని జరుగు తీరును వినుడు. ఓడను డ్రై డాకులోనికి తెత్తురు. అది తలుపు గల పెద్ద గొయ్యి. మన గోదావరి, కృష్ణా కాలువల లాకులను చూచినవారికి దాని స్వరూపము తెలియును. ఓడ లోపలికి వచ్చిన పిదప తలుపు మూసి నీరు తోడివేయగా, ముందుగా అమర్చిన దిమ్మెలమీద ఓడ కూర్చుండును. కోయవలసిన గీతను చుట్టును గుర్తింతురు. ఆ గీతను దాటిపోవు నీటిగొట్టములు, గాలిగొట్టములు, విద్యుత్తు తీగెలు వేరుచేసి, ప్రతిదానికి గుర్తుచీటి కట్టుదురు. పిమ్మట మంటతో కోయు పనిముట్లతో ఉక్కును పైనుండి అడుగువరకు ఖండింతురు. వేలకొలది టన్నుల ముందుభాగమును నునుపైన పట్టాలమీద జాకీలతో మెల్లగా జరుపుదురు. ఆ యెడములోనికి క్రొత్త ఖండమును తెచ్చి నిలిపి, మరల దగ్గరకు జరిపి, అంచునకు అంచు కలుపుదురు.

ఈ కలయికలో మిల్లీమీటరు తేడా కూడ లెక్కకు వచ్చును. ఎండ కూడ ఇందు శత్రువే. నూరు మీటర్ల ఉక్కు పది డిగ్రీల వేడిమి హెచ్చినచో సుమారు 12 మిల్లీమీటర్లు సాగును. ఎండ తగిలిన ప్రక్క సాగి, నీడ ప్రక్క సాగకున్నచో ఓడ వంకరబోవును. అందువలన కొలతలు తీసికొనునపుడు వేడిమిని కూడ గణించి, వెలుగురేఖలతో దూరములను సరిచూతురు.

తరువాత వెల్డింగు. దీని విషయమున లోకము ఒక కఠినమైన పాఠము నేర్చినది. 1943 జనవరి 16వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లండ్ రేవున స్కెనెక్టడీ అను క్రొత్త చమురునౌక కట్టియుంచబడి యుండెను. అలలు లేవు, గాలివాన లేదు. హఠాత్తుగా పెద్ద శబ్దముతో అది నడుమ బీటలువారి దాదాపు రెండయ్యెను. నాటి ఉక్కు చలిలో పెళుసుబారుట, అతుకులలో దోషము లుండుట ఇందుకు కారణములని తేలినది. వెల్డింగు చేసిన ఓడయంతయు ఒకే పలక వంటిది. ఒకచోట పుట్టిన చీలిక ఆపువారు లేక ఓడ చుట్టును పరుగెత్తగలదు. నాటినుండి ఉక్కుయొక్క జాతిని, అతుకుయొక్క శుద్ధిని కఠినముగా పరీక్షింప నేర్చిరి. నేడు ముఖ్యమైన అతుకులను ఎక్సు కిరణములతోను, చెవికి వినరాని శబ్దతరంగములతోను శోధించి, లోపల బుడగయో, పగులో కనబడినచో తొలగించి మరల అతుకుదురు.

ఉక్కు కలిసినంతమాత్రమున పని ముగియదు. గదులు పెరిగినచో జనులు పెరుగుదురు. 1912లో టైటానిక్ మునిగినపుడు అందున్న వారందరకు సరిపడు పడవలు లేకుండెను. ఆ దుఃఖఫలముగా 1914లో లండను నగరమున దేశములు కూడి సముద్రమున ప్రాణరక్షణకై ఒడంబడిక చేసికొన్నవి. పలుమార్లు సవరింపబడి అది నేటికిని నడచుచున్నది. దాని ననుసరించి, ఓడపై నున్న ప్రతియొక్కరికిని రక్షణపడవలోనో తెప్పలోనో చోటుండవలెను. అగ్ని వ్యాపింపకుండ ఓడను అడ్డుగోడలతో విభాగములు చేయవలెను. ఒక్కొక్క విభాగము సామాన్యముగా 40 మీటర్లకును, ఏ పరిస్థితిలోనైనను 48 మీటర్లకును మించరాదు. కనుక నడుమ ఇరువది మీటర్లు చేర్చినవాడు ఆ గోడల లెక్కను కూడ మొదటినుండి చేయవలెను. చుక్కాని మాట చెప్పనేల? పొడవైన ఓడ మెల్లగా తిరుగును. ఇరుకైన రేవులలో అది తిరుగుటకు చోటున్నదో లేదో ముందే చూచుకొనవలెను.

అందువలన ప్రతి ఓడయు ఈ చికిత్సకు తగినది కాదు. ముసలిదై ఉక్కు క్షీణించినది తగదు. యంత్రబలము మొదటనే చాలీచాలనిది తగదు. ఎంతపొడవు చేర్చవలెనను ప్రశ్నకు సమాధానము యజమాని ఆశలో లేదు. ఓడ మొదటి నిర్మాతలు దానియందు మిగిల్చి యుంచిన బలములో నున్నది. అట్టి బలము నెరిగి, కొరతపడిన చోట దానిని పూరించి, పిమ్మటనే కోతకు పూనుకొందురు. నేడు అట్టి నౌకలో విహరించు ప్రయాణికుడు తాను నడచుచున్న నడవలో ఎచ్చట పాతది ముగిసి, ఎచ్చట క్రొత్తది మొదలైనదో కనుగొనలేడు. తుపాను రాత్రి ఓడ అలలపై కావడివలె, పల్లకివలె వంగుచున్నపుడు ఆతడు నిర్భయముగా నిద్రించుచుండును. ఆతని నిద్రకు కాపలా కాయుచున్నవి, ఎన్నడో డాకు అడుగున నిలిచి అతుకు అతుకును శోధించిన పనివారి కన్నులే.