వడదెబ్బ తగిలితే ముందు ఒళ్ళు చల్లబరచండి

కార్మిక సోదరులారా, 2024 హజ్ సమయంలో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. 1,300 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. అదే ఎండలో మీరూ పని చేస్తారు.

తోటివాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా వడదెబ్బేమో అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. ఇది మామూలు జ్వరం కాదు, పారాసిటమాల్‌తో తగ్గదు. ఆలస్యమైతే మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయి.

వెంటనే 911కు ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు చల్లుతూ అట్టముక్కతో విసరండి. నీరు ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. 1980 ప్రాంతంలో హజ్ యాత్రికుల కోసం మక్కాలో వాడిన చల్లబరిచే యంత్రం పని చేసింది కూడా ఈ పద్ధతిలోనే. చల్లటి నీళ్ళ తొట్టి ఉంటే, తల పైకి పట్టుకుని అందులో ఉంచడం ఇంకా మేలని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించరాదని సౌదీ నియమం. కొన్ని పనులకు మినహాయింపు ఉంది. నియమం తప్పితే కార్మిక శాఖకు 19911లో చెప్పండి.