మోకాలి కింద దిండు వద్దు!

మోకాలి లిగమెంటు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి ఇంట్లోవాళ్లు చేసే మొదటి సేవ, మోకాలి కింద మెత్తటి దిండు పెట్టడం. ఫిజియో రాగానే లాగేసేదీ దాన్నే. దిండు మీద హాయిగా వంగిన మోకాలు అలాగే బిగుసుకుపోతుంది. అదే తువ్వాలు చుట్టి మడమ కింద పెడితే, కాలు తన బరువుకే తిన్నగా చాపుకుంటుంది. మోకాలు మడవడం కాస్త ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. చాపడం మొదటి వారాల్లో రాకపోతే మాత్రం తర్వాత రాబట్టడం మహా కష్టం.

ఆపరేషన్ మోకాలికి, మొండికేసేది తొడ! కాలు ఎత్తమంటే తొడ ముందు కండరం బిగుసుకోనే బిగుసుకోదు. నొప్పి వల్లే అనుకుంటాం గానీ, కీలులో చేరిన నీరూ కారణమే. దెబ్బే తగలని మోకాళ్లలోకి పరిశోధకులు కొద్దిగా సెలైన్ ఎక్కించి చూసినా ఆ కండరం మందగించింది. అందుకే ఐస్ పెట్టడం వాపు కోసమే కాదు, తొడను మేల్కొలపడానికి కూడా.

ఒకప్పుడు వారాల తరబడి సిమెంటు కట్టే గతి. అమెరికాలోని ఇండియానాపొలిస్ సర్జన్ డొనాల్డ్ షెల్బోర్న్ ఒక తమాషా గమనించారు: చెప్పిన మాట వినకుండా ముందే నడిచేసినవాళ్ల మోకాళ్లే, బుద్ధిమంతుల మోకాళ్లకన్నా బాగున్నాయి! 1990లో ఆయన ప్రచురించిన వ్యాసంతో, త్వరగా కదిలించే పద్ధతి ఊపందుకుంది. (ఇది చదివి ఎవరూ ఫిజియో మాట దాటకండి.)

ఎందుకంటే రెండో నెలకు నొప్పి పోతుంది, చంకకర్రలు మూల చేరతాయి. లోపల అమర్చిన కొత్త లిగమెంటు బాగా బలహీనపడేదీ ఇంచుమించు అప్పుడే. పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు ఇంకా అల్లుకుంటూ ఉంటాయి.

ఆ కొత్త లిగమెంటు కోసం తొడ వెనుక నుంచి స్నాయువు తీస్తే, అది చాలామందిలో బల్లి తోకలా మళ్లీ పెరుగుతుంది.

ఇక మెట్ల సంగతి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

ఆటగాళ్లను మళ్లీ ఆడే ముందు కనీసం 9 నెలలు ఆగమంటారు. క్రికెటర్ రిషభ్ పంత్ 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెంచుకున్నాడు. 2023 మార్చిలో ఈతకొలనులో కర్ర పట్టుకుని నడిచాడు. 2024 మార్చి 31న విశాఖలో ఐపీఎల్ మ్యాచ్‌లో చెన్నైపై 32 బంతుల్లో 51 కొట్టాడు. ఆ మ్యాచ్‌లో వికెట్ కీపింగూ అతనిదే. అంటే బంతి బంతికీ గొంతుకూర్చుని లేవడం!