వెనక సీటు నుంచి చూస్తే బుల్లెట్

దేవదుర్గ నుంచి తింథణి వంతెన మీదుగా సురపురం వెళ్లినా, ఇటు రాయచూరు దాటి మంత్రాలయం వచ్చినా ఎక్కువగా తగిలేది నల్లరేగడి నేలే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద వేసిన తారురోడ్డు కొన్నేళ్లకే మిట్టపల్లాలు తేలుతుంది. తుంగభద్ర కాలువల కింద ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపులున్న రాయచూరు జిల్లాలో పెళ్లికీ పండక్కీ ఆలుమగలు బండి మీదే బయల్దేరడం మామూలు. ఇలాంటి దారిలో బండి మంచిచెడ్డలు వెనక కూర్చున్నవాళ్లనే అడగాలి.

ముందు కూర్చున్నవాళ్లు రెండు చక్రాలకూ మధ్యలో ఉంటారు కాబట్టి గుంతలో వెనక చక్రం ఎగిరిన ఎత్తులో కొంతే వాళ్లకు చేరుతుంది. వెనకవాళ్లు ఇంచుమించు ఇరుసు మీదే ఉంటారు, దెబ్బంతా వాళ్లకే. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే ఊపు కూర్చున్న మనిషిని అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది. స్పాంజి ఎంత మెత్తనిదైనా దాన్ని ఆపలేదు. ఆ పని షాకబ్జర్లది.

1932లో ఇంగ్లండులో పుట్టిన బుల్లెట్‌కు అవి లేవు. వెనక చక్రాన్ని నేరుగా చట్రానికే బిగించేవాళ్లు. 1948లో పోటీలకు దించిన నమూనాలో ఆ చక్రం పైకీ కిందికీ ఆడే చట్రం మీదికి మారింది, రెండు పక్కలా షాకబ్జర్లు వచ్చాయి. ఆ ఏడాదే ఇటలీలో జరిగిన ఆరు రోజుల పోటీలో బుల్లెట్లు బంగారు పతకాలు గెలిచాయి. మన సైన్యం ఏరికోరి తీసుకున్నది ఈ బండినే. దాన్ని ఇక్కడే తయారు చేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది.

ఆ పాత బుల్లెట్ 346 సీసీ ఇంజనులో పిస్టన్ 90 మిల్లీమీటర్లు పైకీ కిందికీ తిరుగుతుంది. బరువైన ఫ్లైవీల్ వల్ల ఇద్దరెక్కినా తక్కువ వేగంలో బండి తడబడదు. వేగం పెంచారా, వణుకు ఫుట్‌రెస్టుల దాకా వస్తుంది. స్టార్ట్ చేయడానికీ ఒక పద్ధతుంది. డీకంప్రెషన్ లివరు నొక్కి, కిక్ రాడ్‌ను మెల్లగా తోస్తూ, అమీటరు ముల్లు మధ్యకు రాగానే లివరు వదిలి, ఒక్క తన్ను తన్నాలి. పాయింట్లూ ట్యాపెట్లూ చూసుకుంటూ ఉంటే దారిలో ఆగదు.

మైసూరులో ఐడియల్ జావా చేసిన యెజ్డీ దీనికి ఎదురు నిలిచింది. టూ స్ట్రోక్ కావడంతో వాల్వులు లేవు, ట్యాపెట్లు లేవు, చెడడానికి ఉన్న సామానే తక్కువ. కిక్ రాడ్‌నే ముందుకు తిప్పితే గేర్ రాడ్ అవుతుంది, ఎంత చక్కటి ఆలోచన! కానీ పెట్రోలు బాగా తాగేది. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

ఏ బండి అయినా చీర కట్టుకుని వెనక సీటులో ఒక పక్కకు కూర్చున్నప్పుడు బరువు ఎడమకు జరుగుతుంది. నేరుగా పోవాలన్నా నడిపేవాళ్లు బండిని కాస్త కుడికి వంచి పట్టాలి. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. ఈ శారీ గార్డును అందం కోసం పీకేయడం వెనక కూర్చున్నామె ప్రాణంతో చెలగాటమే.

2020లో బుల్లెట్ కంపెనీదే అయిన మీటియర్ 350 బండితో కొత్త ఇంజను వచ్చింది, 2023లో అదే బుల్లెట్‌లోకీ చేరింది. ఇందులో పిస్టన్ ఊపుకు ఎదురుగా తిరిగే బ్యాలెన్సర్ షాఫ్టు ఉంది, పాత వణుకు చాలామటుకు పోయింది. వెనక స్ప్రింగును 6 మెట్లలో బిగించుకోవచ్చు. ఇద్దరు ఎక్కేటప్పుడు ఒకటి రెండు మెట్లు బిగిస్తే గుంతల్లో బండి అడుగంటదు, ముందు చక్రం కూడా తేలికైపోకుండా ఉంటుంది. చాలామంది ఆ పని చేయకుండా బండినే తిడతారు.

అయితే బుల్లెట్‌కు ఇంకా స్పోక్ చక్రాలే, లోపల ట్యూబే. మీటియర్‌లో చాలా రకాలకు ట్యూబ్‌లెస్ టైర్లు, కొన్ని రకాలకు వెనక నడుము ఆనించుకునే దిండు కూడా ఉన్నాయి. ఊరికీ ఊరికీ మధ్య నట్టెండలో పంక్చరైతే ట్యూబ్‌లెస్ టైరులో గాలి మెల్లగా దిగుతుంది, చాలాసార్లు తర్వాతి షాపు దాకా లాక్కుపోవచ్చు. బుల్లెట్ మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఇద్దరు కలిసి దూరం వెళ్లేందుకు మీటియరే కొనమంటాను.