తుప్పుబట్టిన ట్రక్కు కొనుట



ఎద్దును కొనబోవునపుడు మనవారు కొమ్ములకు పూసిన రంగు చూచి మోసపోరు. పండ్లు చూతురు, గిట్టలు చూతురు, నాలుగడుగులు నడిపించి చూతురు. బండిని కొనబోవునపుడును అంతే. ఇరుసును తట్టి, చక్రపు కుండను తడిమి, నొగలలో పుచ్చున్నదేమో పరీక్షించి గాని మాట యీయరు. ఈ సాయంకాలము నేను చెప్పబోవునది ఒక యంత్రమును కొన్న సంగతి. అది అరువదియేండ్లు దాటిన మోటారు ట్రక్కు, ఒడలెల్ల తుప్పు. దానిని కొన్నది మన దేశమున కాదు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున. అయినను దానిని కొనునపుడు నాకు తోడ్పడినది, మా తండ్రిగారు బండ్లు చేయుచుండగా నేను చూచి నేర్చిన విద్యయే.

నేను ముప్పదియేండ్లు మోటారు మరమ్మతు నేర్పిన ఉపాధ్యాయుడను. పని విరమించిన పిమ్మట మా కుమారుని యింటికి పోయితిని. అతడు పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయువాడు. ఊరికి దూరముగా, మట్టిదారి చివర అతని యిల్లున్నది. చలికాలమున ఆ దారిపై మోకాలిలోతు మంచు పడును. ఒకనాడు భోజనముల వేళ అతడు, "నాన్నగారూ, మీరు వందలమందికి పని నేర్పితిరి. నాకు మాత్రము నేర్పలేదు. ఒక పాత పికప్ ట్రక్కు కొని, నాలుగు చక్రములును లాగునట్లు చేయవలెనని యున్నది. మీరున్నన్నాళ్లు నాకు తోడుగా నుండుడు" అనెను. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. అతడు చెప్పినది నిజము.

పికప్ అనగా ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గది, వెనుక మూతలేని తొట్టిగల చిన్న ట్రక్కు. ఆ దేశపు రైతునకు అది మన రెండెడ్ల బండివంటిది. మామూలు పికప్‌లో యంత్రబలము వెనుక రెండు చక్రములకే పోవును. ముందు చక్రములు దారి మళ్లించుటకు మాత్రమే. మంచులోగాని బురదలోగాని వెనుక చక్రములు జారినచో బండి కదలదు. నాలుగు చక్రములకును బలమిచ్చినచో వెనుకవి జారినను ముందువి పట్టి లాగును. మీరెరిగిన జీపు చేయునది ఇదియే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జీపులు ఆరు లక్షలకు పైగా తయారైనవి. ఆ యుద్ధపు అనుభవమునుండియే రైతులకు పనికివచ్చు నాలుగు చక్రముల ట్రక్కులు పుట్టినవి. 1946లో డాడ్జి పవర్ వాగన్, 1947లో విల్లీస్ ట్రక్కు వచ్చెను. షెవర్లే ట్రక్కునకు నాప్కో అను సంస్థవారి పరికరములను 1957 నుండి కర్మాగారముననే అమర్చి యిచ్చిరి. ఫోర్డువారు 1959లో స్వయముగా తయారుచేసిరి. ఇవి నేడు అరుదు, అందుచేత ప్రియము. కావున చాలమంది మామూలు రెండు చక్రముల ట్రక్కును చౌకగా కొని, దానికి ముందు ఇరుసు మార్చి, పని సాధించుకొందురు. మావాని సంకల్పమును ఇదియే. అందుకై అతడు మూడేండ్లు సొమ్ము కూడబెట్టెను.

మొదట చూచిన ట్రక్కు రెండు గంటల ప్రయాణదూరమున నుండెను. నీలిరంగు పూత అద్దమువలె మెరయుచుండెను. యజమాని పదునాలుగువేల డాలర్లు చెప్పెను. మావాని కన్నులు చూచినంతనే, అతని మనస్సు అప్పుడే దానిమీద పడినదని తెలిసికొంటిని. నేను నేలపై గోనెపట్టా పరచుకొని బండిక్రిందికి దూరితిని. చట్రమంతటికిని నల్లని తారు దట్టముగా పూసియుండెను. వెనుక కమాను తగిలించిన చోట చిన్న సుత్తితో తట్టితిని. మంచి ఇనుము గంటవలె ఖంగుమనును. ఇది పగిలిన కుండవలె మొద్దుగా పలికెను. యజమాని అనుమతితో ఆరతో పొడిచితిని. ఆర పిడివరకు లోపలికి దిగిపోయెను. తారుక్రింద ఉన్నది ఇనుము కాదు. తుప్పుపొరలు, వాటిపై లప్పము.

బయటికి వచ్చి ఆరను మావాని చేతికిచ్చి, "నీవే చూడుము నాయనా" అంటిని. అతడును దూరి చూచెను. వచ్చునపుడు కారులో చాలసేపు మాటలాడలేదు. ఇల్లు చేరువైన తరువాత, "ఆ ట్రక్కులో పిల్లవానిని ఎక్కించుకొని తిరుగుదునని అనుకొంటిని" అనెను. కమాను తగిలించిన చోట చట్రము విరిగినచో, పరుగుమీదనున్న బండి ఇరుసు ప్రక్కకు జరుగును. ఆపైన జరుగునది మీరే ఊహింపగలరు.

ఇచట తుప్పును గూర్చి కొంత చెప్పవలెను. ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలియుటచేత తుప్పు పుట్టును. రాగిపై పట్టు చిలుము కొంతవరకు లోపలి లోహమును కాపాడును. ఇనుప తుప్పు అట్లు కాపాడదు. అది ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించి, పొరలుపొరలుగా విచ్చి, ఆ పొరలలో తేమను నిలుపుకొని, లోలోపలికి తినుచు పోవును. ఉప్పు తోడైనచో వేగము మిక్కుటము. సముద్రతీరపు గ్రామములలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా చివుకునో బాపట్ల, బందరు ప్రాంతములవారెరుగుదురు. మిషిగన్‌లో సముద్రము లేదుగాని, చలికాలమున మంచు కరగుటకై రహదారులపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చక్రములనుండి చిమ్మి, బండి అడుగున ప్రతి సందులోను చేరును. అందుచేతనే అచ్చటి బండ్లు పైనుండి గాక క్రిందినుండి చచ్చును.

తుప్పు రెండు విధములు. ఒకటి చర్మముపైది, గీకి, శుభ్రపరచి, రంగువేసిన పోవును. రెండవది ఎముకలోనిది. పాత ట్రక్కునకు చట్రమే వెన్నెముక: రెండు పొడవైన ఉక్కు పట్టాలు, వాటిని కలుపు అడ్డపట్టాలు. ఆ అడ్డపట్టాలను రివిట్లతో బిగించిన సందులు, కమానులు తగిలించిన చోట్లు, గది వెనుకభాగమున మట్టి పేరుకొను మూలలు, ఈ మూటిని ముందు తట్టి చూడవలెను. తరువాత గది నేల, తలుపుల క్రింది పట్టీలు, గది చట్రముపై ఆనిన చోట్లు. బ్రేకుల ఉక్కు గొట్టములు ఎట్లున్నను మార్చివేయవలెను. ఆనాటి బండ్లలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒక్కటే నూనెమార్గము. ఒక చోట కారినచో నాలుగును పోవును. ఇక తొట్టి అడుగున చెక్కపలకలు పరచియుండును. అవి పుచ్చినను దిగులుపడ నక్కరలేదు. ఒక వడ్రంగి రెండు దినములలో క్రొత్తవి వేయగలడు.

రెండవ ట్రక్కు ఒక ముదుసలి రైతు కొట్టములో దొరకెను. 1958 నాటి షెవర్లే. ముందు నాలుగు దీపములు, ఆరు సిలిండర్ల యంత్రము. కొట్టపు కప్పు కారుటచేత ముందు మూత, గది పైభాగము ఎఱ్ఱమట్టిరంగు దేలియుండెను. ఒక తలుపు తెరవ వీలు లేకపోయెను. మావాడు దానిని చూచి నిట్టూర్చెను. ఆ రైతు దానిని తన పొలము పనులకే వాడి, చలికాలమున బయటికి తీయలేదట. ఈ సారి బండిక్రిందికి నేను దూరలేదు. సుత్తి మావాని చేతికిచ్చి, నేను బయట నిలిచి వింటిని. ఒక కొననుండి రెండవ కొనవరకు ఖంగుఖంగుమని పలికెను. మూడువేల ఐదువందల డాలర్లకు బేరము కుదిరెను. తలుపు స్తంభముమీది సంఖ్యయు, యాజమాన్య పత్రములోని సంఖ్యయు ఒక్కటేయని సరిచూచుకొన్న తరువాతనే సొమ్ము చెల్లించితిమి. ఆ సంఖ్యలు కలియనిచో బండి ఎంత మంచిదైనను ముట్టరాదు.

ఆ సంవత్సరపు బండినే కోరుటకు వేరొక కారణము కలదు. నాలుగు చక్రముల పనికి ముందు ఇరుసు మార్చవలెను. 1959 వరకు షెవర్లే పికప్‌లకు ముందువైపున కూడ ఒక్కటే గట్టి ఇరుసు, దానిపై కమాను కట్టలు ఉండెడివి. కావున పాత ఇరుసు తీసి, బలమందుకొను ఇరుసును అదే కమానులకు అమర్చుట సులభము. 1960 నుండి ముందు చక్రములను వేర్వేరుగా వ్రేలాడదీసిరి. నునుపుగా నడచుటకు అది మేలు. మా పనికి మాత్రము చిక్కు. మరియు 1955 మధ్యకాలమునకు ముందటి చిన్న షెవర్లే పికప్‌లలో వెనుకకు బలము తీసికొనిపోవు షాఫ్టు ఒక గొట్టములో మూయబడి యుండెను. దాని నడుమ మరియొక పెట్టె చేర్చుట కష్టము. ఈ రెండు చిక్కులును లేనివి ఆ నడుమ నాలుగైదు సంవత్సరముల బండ్లే.

ఆ నడుమ చేర్చు పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. కాలువ నీటిని తూము రెండు పాయలుగా చీల్చునట్లు, అది గేరు పెట్టెనుండి వచ్చు బలమును ఒక పాయ వెనుకకు, ఒక పాయ ముందునకు పంపును. ముందు ఇరుసు కొనలలో మడతకీళ్లుండును. చక్రము దారి మళ్లుచు, అదే సమయమున తిరుగుటకు అవి ఆధారము.

ఇచట మావాడు ఒక పొరపాటు చేయబోయెను. చౌకగా వచ్చినదని ఒక ముందు ఇరుసును బేరమాడెను. మా వెనుక ఇరుసు పళ్ల నిష్పత్తి 3.9, అనగా షాఫ్టు 3.9 చుట్లు తిరిగిన చక్రము ఒక చుట్టు తిరుగును. అతడు తేదలచినది 4.1. "స్వల్పభేదమేగదా" అనెను. నేను, "రెండెడ్లలో ఒకటి అడుగు ముందు, ఒకటి అడుగు వెనుక వేసినచో కాడి ఏమగును?" అని అడిగితిని. ముందు వెనుక చక్రములు వేర్వేరు వేగముల తిరుగజూచినచో, ఆ పోరు పండ్లపైనను షాఫ్టులపైనను పడి ఏదో ఒకటి విరుగును. తుదకు ఆ ఇరుసే కొని, వెనుక ఇరుసు పండ్లనుకూడ 4.1కు మార్చితిమి. అన్నియు సరిగా అమర్చినను, గట్టి రోడ్డుపై నాలుగు చక్రముల బలము వాడరాదు. మలుపులో ముందు చక్రములు వెనుకవానికన్న ఎక్కువ దూరము నడచును. మంచులో, బురదలో చక్రము జారి ఆ భేదము తీరును, గట్టినేలపై తీరదు.

పని రెండేండ్లు సాగెను. నేను చేతులు వెనుక పెట్టుకొని చెప్పుచుంటిని, చేసినది అతడే. ఖర్చు కొన్న వెలకు మూడింతలైనది. ఈ మాట దాచుట ధర్మము కాదు. పాత బండి కొనువాడు, బండి వెలను గాక, దానిపై పెట్టబోవు వెలను ముందుగా లెక్కించుకొనవలెను. గడచిన చలికాలమున మంచుపడిన మరునాడు అతడు మనుమనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మట్టిదారిన రహదారివరకు పోయి వచ్చెను. బండికి ఇంకను రంగు వేయలేదు.

మీలో ఎవరైనను పాత జీపునో, ట్రాక్టరునో, దాని తొట్టినో కొనదలచినచో, ఒక చిన్న సుత్తియు, ఒక ఆరయు వెంట తీసికొనిపొండు. వీలైనచో కుమారునిగాని మనుమనిగాని తోడ్కొనిపోయి, సుత్తి వాని చేతికీయుడు. నేను ఈ పని ముప్పదియేండ్లు ఆలస్యముగా చేసితిని.